వీపు పోటు వెనక ఊపిరితిత్తి పొర

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే 34 ఏళ్ల హమాలీ, కుడి రెక్క ఎముక కింద పోటు అని పది రోజుల కింద వచ్చాడు. దమ్ము గట్టిగా తీస్తే పట్టేస్తుందన్నాడు. కండరంలో గడ్డలు చేతికి తగిలాయి. నాలుగు సిట్టింగులు ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గించే కరెంటు చికిత్స), వేడి కాపడం ఇచ్చాను. పోటు సగం తగ్గింది కానీ ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం అంటున్నాడు. ఇంకా కొన్ని సిట్టింగులు ఇవ్వవచ్చా?
– ఫిజియోథెరపిస్టు, హన్మకొండ

జవాబు: ఇవ్వకండి. ఈ రోజే ఛాతీ ఎక్స్‌రేకి పంపండి. పోటు తగ్గుతూ ఆయాసం పెరుగుతోందంటే నయమవుతోందని అనుకోవద్దు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతోందేమోనని అనుమానించాలి.

ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల్లో, దాన్ని అంటిపెట్టుకున్న లోపలి పొరకు నొప్పి తెలియదు. పక్కబొక్కల లోపలివైపు ఉండే బయటి పొరకే తెలుస్తుంది. ఆ నొప్పిని మోసేవి పక్కబొక్కల మధ్య నరాలు. వీపు కండరాలకు కూడా వెన్నులో అదే వరుస నుంచి నరాలు వస్తాయి కాబట్టి రోగి వేలు వీపునే చూపిస్తుంది. వాచిన పొరలు ఒరుసుకున్నంత కాలం పోటు ఉంటుంది. మధ్యలో నీరు చేరి రెంటినీ విడదీయగానే పోటు మెత్తబడుతుంది, ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఆయాసం మొదలవుతుంది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) మధ్యభాగం మీది పొర వాస్తే నొప్పి భుజం కొసకు, మెడకు పోతుంది. అప్పుడు మెడ ఎక్స్‌రేలతోనే వారాలు గడిచిపోతాయి.

చేతికి తగిలిన గడ్డల్ని నమ్ముకోవద్దు. లోపల పొర నొస్తుంటే పైనున్న కండరం బిగుసుకుంటుంది, నొక్కితే నొప్పి కూడా పుడుతుంది. డైక్లోఫెనాక్ సూదితో తగ్గిందన్న మాటకూ అంతే విలువ, ఎందుకంటే ఆ మందు పొర నొప్పినీ తగ్గిస్తుంది, జ్వరాన్నీ కప్పేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకుని వచ్చినవాళ్లను ‘జ్వరం ఉందా?’ అని అడిగితే చాలదు. ‘సూది వేయించుకోకముందు సాయంత్రం పూట ఒళ్లు కాలిందా, రాత్రి చెమటలు పట్టాయా, బరువు తగ్గారా?’ అని అడగాలి.

పక్కబొక్క వెన్నుతో కలిసే కీలు పట్టేసినా దమ్ము తీస్తే నొస్తుంది. అందుకే ఊపిరినీ కదలికనీ విడదీసి చూడాలి. రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి, సగం దమ్ము తీసి బిగబట్టమని చెప్పి, నడుము పైభాగాన్ని రెండు వైపులా తిప్పించండి, వంచించండి. ఊపిరి ఆగి ఉండగా కూడా అదే పోటు వస్తే కీలు, కండరం వైపు మొగ్గుతుంది. కదలిక సాఫీగా ఉండి, ఊపిరి వదిలి మళ్లీ లోతుగా తీయగానే పొడిస్తే పొర వైపు మొగ్గుతుంది. నొప్పి లేని పక్కకు వంగినప్పుడు పొర సాగి పోటు పెరగడం, నొప్పి ఉన్న పక్కకే ఒరిగి పడుకుంటే హాయిగా ఉండటం కూడా పొరనే సూచిస్తాయి. అయితే ఇవన్నీ మొగ్గులే. వీటిలో ఏ ఒక్కదాని మీదా రోగిని ఇంటికి పంపకూడదు.

తర్వాత చొక్కా విప్పించి చూడాలి. చాలా క్లినిక్కుల్లో జరగనిది ఇదే. రెండు చేతులూ ఎదురు భుజాల మీద వేసుకోమంటే రెక్క ఎముకలు పక్కకు జరుగుతాయి. రెక్క ఎముక మీద తడితే ఎప్పుడూ మొద్దు శబ్దమే వస్తుంది కాబట్టి దాని లోపలి అంచు వెంట, కింది కొసకు దిగువన, పక్కబొక్కల మధ్య సందుల్లో తట్టండి. కుడి ఎడమలను ఒకే ఎత్తులో పోల్చుతూ దిగండి. నీరున్నచోట రాయి మీద తట్టినట్టుంటుంది. అక్కడే అరచేతి అంచు ఆనించి ‘ఒకటి, ఒకటి’ అనిపిస్తే అదురు తగ్గి ఉంటుంది. నెమ్ముతో (న్యుమోనియాతో) ఊపిరితిత్తి గట్టిపడితే కూడా మొద్దు శబ్దం వస్తుంది కానీ అదురు పెరుగుతుంది. స్టెతస్కోపుతో నీరున్నచోట ఊపిరి చప్పుడు తగ్గుతుంది. ఇంకా నీరు చేరని తొలిరోజుల్లో కొత్త తోలుచెప్పు కిర్రుమన్నట్టు ఒరిపిడి శబ్దం, ఊపిరి తీసినప్పుడూ వదిలినప్పుడూ వినిపించవచ్చు. ఊపిరి బిగబడితే అది ఆగిపోతుంది. ఆగకుండా గుండె కొట్టుకునే లయలో వస్తే అది గుండె పొరది.

ఊపిరి లెక్క 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, నిమిషం నిండా లెక్కించండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. ఆక్సీమీటరుకు గోరింటాకు, నెయిల్‌పాలిష్ లేని వెచ్చని వేలు కావాలి. 97 చూపించినంత మాత్రాన నీరు లేదని కాదు, ఒక మోస్తరు నీరున్నా అంకె బాగానే ఉండవచ్చు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పక్కబొక్కలూ డయాఫ్రమూ కలిసే మూల మొద్దుబారి కనిపించాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు ఉండాలి. పక్కనుంచి తీస్తే 50 దగ్గరే తెలుస్తుంది. పడుకోబెట్టి తీస్తే నీరు వెనక్కి పరుచుకుని సన్నని మసకలా మిగిలి తప్పిపోతుంది. వీపు నొప్పి అని వెన్ను ఎక్స్‌రే రాయించుకుని వస్తారు, అది ఛాతీ ఎక్స్‌రేకు బదులు కాదు. ఎక్స్‌రేలో తేలకపోయినా అనుమానం పోకుంటే అల్ట్రాసౌండ్ స్కాన్ ఇంకా తక్కువ నీటినీ పట్టిస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పంపేటప్పుడు చీటీలో ‘వీపు నొప్పి’ అని మాత్రమే రాస్తే ఎముకల విభాగం లైన్లో నిలబెడతారు. ఏ పక్క, ఎన్ని రోజులు, ఊపిరి లెక్క, ఆక్సిజన్, ఎక్కడి నుంచి మొద్దు శబ్దం అన్నీ రాసి, ‘ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు) అనుమానం’ అని స్పష్టంగా పెట్టండి.

ప్రశ్న: మా ఆయనకు ఊపిరితిత్తికి నీరు పట్టిందని సూదితో తీశారు, టీబీ అన్నారు. నీరు పోయాక నొప్పీ లేదు, ఆయాసమూ లేదు. ఆరు నెలల మందులు తప్పవా? పిల్లలకు అంటుతుందా?
– గృహిణి, జగిత్యాల

జవాబు: తప్పవమ్మా. మన దేశంలో ఒక పక్కే నీరు చేరడానికి టీబీ పెద్ద కారణం. ఈ నీరు మందు వాడకపోయినా కొన్నాళ్లకు తనంతట తానే ఆరిపోవచ్చు, మోసం అక్కడే ఉంది. లోపల మిగిలిన క్రిములు ఏళ్ల తర్వాత ఊపిరితిత్తిలోనే లేవవచ్చు. మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు సర్కారు దవాఖానలో ఉచితం. టీబీ రోగుల తిండికి సర్కారు ఇచ్చే సాయం, నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, బ్యాంకు పాస్‌బుక్ ఇచ్చారో లేదో చూసుకోండి. పొరకే పరిమితమైన టీబీ ఇతరులకు అంటుకునే భయం తక్కువ. అయినా ఆయనకు తెమడ పరీక్ష, మీకూ పిల్లలకూ టీబీ పరీక్ష చేయించండి. ఆయన గ్రానైట్ క్వారీలో పనిచేస్తుంటే డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి, రాతిధూళి పీల్చేవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ.

ప్రశ్న: మెడ, రెక్కల మధ్య డ్రై నీడ్లింగ్ (మందు లేని సన్నని సూదిని కండరంలో గుచ్చే చికిత్స) చేశాక ఒకరికి ఆ సాయంత్రం పోటు, ఆయాసం వచ్చాయి. సూది నొప్పే అనుకోవచ్చా?
– ఫిజియోథెరపీ విద్యార్థి, వరంగల్

జవాబు: అనుకోకూడదు. భుజం మీది కండరం కింద, రెక్కల మధ్య కండరం కింద ఊపిరితిత్తి దగ్గరే ఉంటుంది, బక్కపల్చటివాళ్లలో మరీ దగ్గర. సూది పొరను దాటితే పొరల మధ్య గాలి చేరుతుంది. లక్షణాలు వెంటనే కాక కొన్ని గంటలకు కూడా రావచ్చు. ఆ పక్క తడితే డొల్లగా మోగుతుంది, ఊపిరి చప్పుడు తగ్గుతుంది. సూది పడకున్నా, పొడుగ్గా సన్నగా ఉండే యువకుల్లో, ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్లలో, ఇది ఉన్నట్టుండి వస్తుంది. నిలబెట్టి ఎక్స్‌రే తీసి గాలి లేదని తేలేదాకా మసాజు, మానిప్యులేషన్ (కీలును చేత్తో నెట్టి సర్దడం) ముట్టుకోవద్దు.

ఆక్సిజన్ 92 కన్నా దిగినా, ఊపిరి నిమిషానికి 30 చేరినా, పెదాలు నీలంగా మారినా, బీపీ పడిపోతున్నా, దగ్గులో రక్తం పడినా ఎక్స్‌రే కోసం కూడా ఆగకుండా 108ని పిలవండి. పోటుతో పాటు ఒక కాలు పిక్క వాచి ఉంటే, ఇటీవల ఆపరేషనో కాన్పో జరిగి ఉంటే, ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమోనని అనుమానించి ఆ పిక్కను పిసకకుండా పంపండి.