మోనాట్స్ ఎర్డ్‌బేరె బాల్కనీలో బాగా వస్తుంది, కానీ కిలోల లెక్క వద్దు

స్టుట్‌గార్ట్‌లో మీ బాల్కనీకి మధ్యాహ్నం దాటితే ఎండ రాదని, నర్సరీలో చూసిన మోనాట్స్ ఎర్డ్‌బేరె అనే చిన్న స్ట్రాబెర్రీ మొక్క అక్కడ బతుకుతుందా అని అడిగారు. దాని ఆకుల కషాయం షుగర్‌కీ, కిడ్నీ రాళ్లకీ పనిచేస్తుందన్న వాట్సాప్ మెసేజ్ నిజమేనా అని కూడా అడిగారు. నేనూ దక్షిణ జర్మనీలోనే ఉంటాను, వీటిని కొన్నేళ్లుగా కుండీల్లో పెంచుతున్నాను.

మొక్క విషయంలో టెన్షన్ వద్దు. ఇది యూరప్ అడవుల అంచున పెరిగే చిన్న స్ట్రాబెర్రీ జాతి, కాబట్టి పొద్దుటి ఎండ చాలు. జూలై మధ్యాహ్నం ఎండే దీన్ని ఎక్కువగా బాధిస్తుంది. మామూలు స్ట్రాబెర్రీలా తీగలు చాచదు, దుబ్బులా ఒకచోటే ఉంటుంది. అందుకే కుండీకి ఇంత బాగా సరిపోతుంది.

పండు చిటికెన వేలి గోరంతే. జూన్‌లో మొదలై, మంచు పడేదాకా కొద్దికొద్దిగా కాస్తూనే ఉంటుంది. పది మొక్కలున్నా ఒక్కోసారి గుప్పెడే వస్తాయి. జామ్ చేసుకోవాలంటే జూన్‌లో పొలాలకు వెళ్లి మనమే కోసుకునే పెద్ద స్ట్రాబెర్రీలు తెచ్చుకోండి. పైగా ఈ చిన్న పండ్లు ఉడికిస్తే చేదెక్కుతాయి, ఫ్రీజర్‌లో పెట్టినా అంతే. వీటిని పచ్చిగానే తినాలి. గడ్డపెరుగులో కాస్త చక్కెరతో, లేదా చల్లారిన సేమ్యా పాయసం మీద చల్లుకుని చూడండి. గది నిండా వ్యాపించే ఆ వాసన పెద్ద పండులో ఎక్కడా ఉండదు. ముట్టుకోగానే తొడిమ వదిలి చేతిలోకి వస్తేనే పండినట్టు. లాగాల్సి వస్తే ఇంకో రోజు ఆగండి. కోసిన సాయంత్రానికే మెత్తబడిపోతాయి, దుకాణాల్లో అంతగా కనబడకపోవడానికి కారణం అదే.

విత్తనంతో మొదలుపెడితే ఓపిక కావాలి. ప్యాకెట్‌ని రెండు మూడు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఫిబ్రవరి చివర్లో తడిమట్టి పైన చల్లండి, మట్టి కప్పొద్దు. వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మొలకెత్తడానికి నెల పట్టినా కంగారు పడకండి. ‘రూగెన్’ రకం తేలిగ్గా దొరుకుతుంది. పిట్టల బెడద ఉంటే పసుపు రంగు పండ్ల ‘ఎల్లో వండర్’ వేయండి, ఎర్రబడదు కాబట్టి వాటి కంట్లో తొందరగా పడదు. నాటేటప్పుడు ఆకులు పుట్టుకొచ్చే నడి మొదలు మట్టిలో పూడిపోకుండా చూడండి. వేళ్లు పైపైనే ఉంటాయి, మట్టి ఎండనివ్వకూడదు. ఎరువు ఎక్కువైతే ఆకులే వస్తాయి. మూడు నాలుగేళ్లకు కాపు తగ్గుతుంది, అప్పుడు చామంతి పిలకలు విడదీసినట్టు దుబ్బుని విడదీసి కొత్త మట్టిలో నాటుకోవచ్చు. మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిపోతుంటే వేళ్లు చూడండి, తెల్లటి పురుగులు తింటుండొచ్చు.

ఇక ఆకుల సంగతి. జర్మన్ ఇళ్లలో ఎండు స్ట్రాబెర్రీ ఆకుని బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీ ఆకులతో కలిపి రోజూ తాగే టీగా వాడడం పాత అలవాటు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా దీన్ని సంప్రదాయ వాడుకగా రెండిటికే గుర్తించింది: తేలికపాటి విరేచనాలకు, మూత్రంలో చిన్న ఇబ్బందులున్నప్పుడు మూత్రం బాగా రావడానికి. ఆ గుర్తింపు కూడా చాలాకాలపు వాడుకను బట్టి ఇచ్చిందే. షుగర్, రాళ్లు అందులో లేవు. దయచేసి మందులు మానేసి దీన్ని నమ్ముకోకండి.

నేను పూత సమయంలో లేత ఆకులు కొన్నే కోసి, నీడలో పెళపెళలాడేలా ఎండబెడతాను. పూర్తిగా ఎండకుండా సగం వడలిన ఆకు వాడను. ఒక చెంచా ఆకు, కప్పు మరిగిన నీళ్లు, పది నిమిషాలు. వగరు టీ అది, కడుపు కాస్త పాడైనప్పుడు నాకు హాయిగా ఉంటుంది. ఆ వగరు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, కాబట్టి ఐరన్ మాత్రలకి దూరంగా తాగండి. స్ట్రాబెర్రీ అలర్జీ ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్లు ముట్టుకోవద్దు. విరేచనాల్లో రక్తం పడినా, జ్వరం వచ్చినా, చిన్నపిల్లలకైనా టీతో కాలయాపన చేయకండి.

హైదరాబాద్‌లో అమ్మగారికి విత్తనాలు పంపుదామన్నారు. అక్కడి ఏప్రిల్, మే ఎండలకి ఇది నిలబడదు. విత్తనాలు ఇండియాకి పంపాలంటే అనుమతులూ కావాలి. లంబసింగిలో చలికాలంలో పండే స్ట్రాబెర్రీ పెద్ద రకం, ఆమెకి అది తెప్పించండి.