టిటికాకా సరస్సులో ఉరో జనం తేలే దీవుల మీద ఎలా బతుకుతున్నారు?

పెరూలోని పూనో పట్టణం దగ్గర, సముద్రమట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున్న సరస్సులో ఉంటారు వీళ్లు. ఇంకా సామ్రాజ్యం వాళ్ల నుంచి తప్పించుకోవడానికే తమ పూర్వీకులు నీళ్ల మీదికి వచ్చారని చెప్పుకుంటారు.

తోతోరా అనే తుంగ వేళ్లు అల్లుకున్న దిమ్మలను తాళ్లతో కలిపి కట్టి, పైన కోసిన తుంగ మందంగా పరుస్తారు. అడుగు పొర కుళ్లుతూనే ఉంటుంది కాబట్టి పైన కొత్తది వేస్తూనే ఉండాలి. అంటే ఇంటికి కాదు, నేలకే మరమ్మతు! ఇళ్లు, పడవలు కూడా తుంగతోనే. దాని తెల్లటి మొదలు తింటారు. నిప్పు అంటుకుంటుందనే టెన్షన్‌తో రాళ్ల మీదే వంట.

సొంత భాష పోయి, ఆ ప్రాంతంలోని మరో స్థానిక జాతి భాష ఐమారా మాట్లాడుతున్నారు. చేపలు పడుతున్నా, ఇప్పుడు ఎక్కువ రాబడి టూరిస్టుల వల్లే. గుడిసెల పక్కన సోలార్ ప్యానెళ్లూ కనిపిస్తాయి.