తాతగారి కేసెట్లూ నీ స్క్రిప్టూ

అల్లుడూ,

రాయగడ నుంచి నువ్వు పంపిన, ఆడియో ఫైళ్ళు మార్చే స్క్రిప్ట్ నిన్న రాత్రి కూర్చుని చదివాను. పదకొండు లైన్లే అయినా ఎవర్నీ అడక్కుండా నీ అంతట నువ్వు రాసుకున్నావు చూడు, అది చాలా నచ్చింది నాకు. తాతగారి భజన కేసెట్లన్నీ వేవ్ (కుదించని పెద్ద ఆడియో ఫైలు) లోంచి ఎంపీత్రీలోకి ఒకేసారి మార్చేద్దాం అనుకున్నావు, మంచిదే, కానీ ఇది చదివాకే రన్ చెయ్యి.

మొదటి ఫైల్ అయ్యాక మిగతావి అవ్వట్లేదు మావయ్యా అన్నావు కదా, అందులో రెండు తప్పులున్నాయి. ఫైల్ పేరు వచ్చి కూర్చునే డాలర్ ఎఫ్ కి డబుల్ కోట్స్ పెట్టలేదు నువ్వు. "తాతగారి భజన రెండో వైపు" అని ఫైల్ పేరుంటే కమాండ్లు నడిపే షెల్ దాన్ని నాలుగు ముక్కలు చేసి ఇస్తుంది, ఫైల్ మార్చే ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏమో "తాతగారి" అనే ఫైల్ కోసం వెతికి లేదంటుంది. పేరు తెలుగులో పెట్టావా ఒడియాలో పెట్టావా దానికి పట్టదు, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నదే లెక్క. రెండోది, ఫైళ్ళ లిస్టుని ఒక్కో లైనూ చదివే వైల్ రీడ్ లూప్ లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడిపావు, అది కీబోర్డు మీద ఎవరైనా ఆపడానికి క్యూ నొక్కుతారేమోనని ఇన్‌పుట్ చదువుతూ ఉంటుంది, అలా చదివి నీ ఫైళ్ళ లిస్టుని కూడా మింగేస్తుంది. నోఎస్‌టీడీఇన్ ఆప్షన్ పెట్టు, సరిపోతుంది.

ఇంక ఆఖరి లైన్, ఒరిజినల్ ఫైల్ని చెరిపేసే ఆర్ఎమ్ కమాండ్. అది తీసెయ్యి.

ఎందుకంటే నేనూ అదే పెట్టాను ఒకప్పుడు. పర్లాకిమిడిలో మన ఇంట్లో నాన్న పాడుతుంటే రికార్డు చేసిన కేసెట్ ఒకటుండేది, మధ్యలో గుణుపురం బండి కూత వినిపించేది, బ్రాడ్ గేజ్ కి మారకముందు నడిచిన ఆ చిన్న బండి, నాన్న పాట ఆపి అది వెళ్ళేదాకా ఊరుకుని మళ్ళీ అదే చరణం ఎత్తుకునేవారు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇలాగే మారుస్తుంటే డిస్క్ నిండిపోయి ఎఫ్ఎఫ్ఎంపెగ్ మధ్యలోనే ఫెయిల్ అయింది, కింద లైన్లో ఆర్ఎమ్ మాత్రం దాని పని అది చేసుకుపోయింది. కేసెట్ కి అప్పటికే బూజు పట్టేసింది, మళ్ళీ ఎక్కించడానికి లేకపోయింది. ఆ రెండు కమాండ్ల మధ్య రెండు యాంపర్సాండ్లు (&&) పెట్టి ఉంటే, మొదటిది ఫెయిల్ అయితే రెండోది నడిచేదే కాదు. అయినా సరే, ఒరిజినల్ చెరిపే పని అసలు స్క్రిప్ట్ కి అప్పగించకు, రెండిటి నిడివి ఫైల్ వివరాలు చూపించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ తో చూసుకుని, విని, అప్పుడు నీ చేత్తో నువ్వే తీసుకో.

చోటు చాలదంటావా, సీడీ క్వాలిటీ వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ, అరవై నిమిషాల కేసెట్ అంటే 600 దాటుతుంది, నిజమే. దాచుకునేది ఫ్లాక్ ఫార్మాట్లోకి మార్చు, సైజు బాగా తగ్గుతుంది, ధ్వనిలో మాత్రం ఒక్క చుక్క కూడా పోదు. ఎంపీత్రీ ఫోన్లో పంపుకోడానికే. 128 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) లో పెడితే తాళాల చప్పుడు చెదిరి ఇసక పోసినట్టు వినిపిస్తుంది, తర్వాత దాన్నే 320 కి మార్చినా పోయింది తిరిగి రాదు.

ఇంకోటి, మొదటిసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముందు ఎకో (కమాండ్ని నడపకుండా చూపించేది) పెట్టి నడుపు, ఏం చేయబోతోందో స్క్రీన్ మీద చదువుకో, ఆ లిస్టు నాకూ పంపు. మీ అమ్మ దగ్గరున్న నాలుగో కేసెట్ ముందు ఎక్కించు అల్లుడూ, అందులో ఎక్కడైనా ఆ కూత దొరుకుతుందేమో వింటాను.

మావయ్య