అమ్మాయి పక్క ఎండ, నీ పక్క వణుకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు దుప్పటి కప్పుకుని కారు నడుపుతున్నాడట అన్నయ్యా" అని ఒకటే టెన్షన్. మీ కారు హీటర్ వేస్తే అమ్మాయి కూర్చునే వైపు రోహిణి కార్తె, నీ వైపు పుష్యమాసం అంటే ముందు నవ్వొచ్చింది. కానీ జనవరిలో మిన్నెసోటా చలి నవ్వులాట కాదు. మెకానిక్ హీటర్ కోర్ మార్చాలన్నాడట. ఆగు. చాలా కార్లలో దానికోసం డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. వస్తువు కన్నా కూలి ఎక్కువవుతుంది. ముందు జబ్బు హీటర్‌లో పారే వేడి నీళ్లదా, లోపల గాలిని మళ్లించే చిన్న తలుపుదా తేల్చుకో.

ఇంజిన్‌లో కాగిన కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. అదే హీటర్ కోర్. నీ కారులో రెండు వైపులా వేరువేరు టెంపరేచర్ పెట్టుకోవచ్చు కాబట్టి కోర్లు కూడా రెండనుకుంటావేమో, ఉండేది ఒకటే. దాని మీదుగా వచ్చిన వేడిగాలిలో చల్లగాలి ఎంత కలపాలో చూసేందుకు ఒక్కో వైపు ఒక్కో తలుపు ఉంటుంది. ఆ తలుపును తిప్పేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ మోటారు, పేరు బ్లెండ్ డోర్ యాక్చుయేటర్.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడు. వేడి మీద మూత జోలికి పోకు, మరిగిన నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. మట్టం తక్కువగా ఉన్నా, స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమన్నా కోర్‌లో గాలి చేరి ఉండొచ్చన్నమాట. మాన్యువల్‌లో రాసిన రకం కూలెంటే పొయ్యి. రంగు చూసి కొనకు, ఒకే రంగులో వేరువేరు రకాలుంటాయి.

తర్వాత ఇరవై నిమిషాలు నడిపి, వంటింటి థర్మామీటరు ఒకటి గాలి వచ్చే సందులో గుచ్చు. నీ వైపు పూర్తి వేడి, అమ్మాయి వైపు పూర్తి చలి పెట్టి చూడు, తర్వాత తిరగెయ్యి. నువ్వు ఏం నొక్కినా నీ వైపు గాలిలో మార్పే లేకపోతే, లోపల టిక్ టిక్‌మంటే, తలుపు మోటారు మీదే అనుమానం. మార్పు ఉండి, ఎంత పెంచినా గోరువెచ్చన దాటకపోతే నీళ్ల సంగతి చూడాలి. బయట, గ్యారేజీలో మాత్రం కాదు, రెండు నిమిషాలు ఇంజిన్‌ను 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఉంచు. అప్పుడు వెచ్చబడి, వదిలేయగానే మళ్లీ చల్లబడితే కోర్‌లో ప్రవాహం చాలడం లేదు. నీళ్లు నెమ్మదిగా పారితే మొదట తగిలే వైపే వేడంతా అయిపోతుంది, రెండో వైపుకి మిగలదు.

ఇంకా రూఢి కావాలంటే ఇంజిన్ ఆపి, అది వేడిగా ఉండగానే, కోర్‌లోకి ఒకటి, బయటికి ఒకటి ఉండే రెండు రబ్బరు గొట్టాలను చేతొడుగుతో తాకు. రెండూ కాలుతుంటే ప్రవాహం బాగున్నట్టే. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు.

ఈ తేడా నాకు తెలియక ఒకసారి బోల్తా పడ్డాను. రేడియేటర్ కారుతుంటే కక్కుర్తిపడి, లీకులు ఆపే మందు సీసా ఒకటి పోశాను. లీకు ఆగింది. మరుసటి చలికాలం నా వైపు గడ్డకట్టే చలి. యాక్చుయేటర్ పోయిందనుకుని తలకిందులుగా పడుకుని రెండు గంటలు కుస్తీపట్టి మార్చాను, ఫలితం సున్నా. చివరికి గొట్టాలు ఊడదీసి, నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి తోట పైపుతో మెల్లగా వెనక్కి పారిస్తే చింతపండు పులుసు రంగు నీళ్లు, వాటిలో పొలుసులు పొలుసులుగా ఆ మందే. ఇప్పుడు నీ ఇంటి బయటి కుళాయి గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఆ కడిగే పని షాపులోనే చేయించు. "మార్చే ముందు ఒకసారి ఫ్లష్ చెయ్యండి" అని అడుగు.

కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారితే కోర్ కారుతున్నట్టే. అప్పుడు మెకానిక్ మాటే ఖాయం, డబ్బు చూసుకోకు.

కూలెంట్ చుక్క కింద పడినా వెంటనే తుడిచెయ్యి. మీ కుక్కపిల్ల నాకితే ప్రాణాల మీదికొస్తుంది. గొట్టాలు తాకి చూశాక ఫోన్ చెయ్యి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య