ఐదారు యూరోల రెడ్ వైన్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

తమ్ముడూ, గాజువాక నుంచి ఇటలీలో టొరినో వస్తున్నా, ఎవరైనా భోజనానికి పిలిస్తే ఎంతలో వైన్ పట్టుకెళ్ళాలి అన్నావు కదా. ఐదారు యూరోలు చాలు, దాటొద్దు. పర్మిట్, బ్యాంకు గొడవలు అఫీషియల్ సైట్లలో ఉంటాయి, చూసుకో, డబ్బు సంగతి మాత్రం నేను చెప్తాను.

నేను ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన కొత్తలో మా ప్రొఫెసర్ పిలిచారని, పరువు పోకూడదని, 30 యూరోలు పోసి బరోలో అనే ఖరీదైన రెడ్ వైన్ కొన్నాను, అప్పట్లో అది నాకు వారం కూరగాయల ఖర్చు. జగదాంబ దగ్గర షాపులోలాగే రేటు ఎక్కువుంటే సరుకు మంచిదనుకునే అలవాటు మనది. ఆవిడ థాంక్స్ చెప్పి, ఈ వైన్ ఇంకా లేతది, కొన్నేళ్ళు ఆగాలి అని బీరువాలో పెట్టేసి వాళ్ళు రోజూ తాగే బార్బేరా అనే రెడ్ వైన్ తెరిచారు. నేను తెచ్చినదాంట్లో ఐదో వంతు ధర కూడా ఉండదు, చాలా బాగుంది. అప్పట్నించి ధర చూసి కొనడం మానేశాను, ఇప్పుడు ఇటాలియన్ ఫ్రెండ్సే నన్నడిగి కొంటారు.

ముందు లేబుల్ చూడు. దానిమీద డీఓసీజీ అనే ఇటలీ సర్కారు ముద్ర ఉంటే ఊరు, ద్రాక్ష, చేసే పద్ధతి రూల్ ప్రకారం ఉన్నాయని, అంతే, రుచికి గ్యారంటీ కాదు. బార్బేరా దాస్తికి, అంటే ఆస్తి ప్రాంతం బార్బేరాకి, 2008 నుంచి ఆ ముద్ర ఉంది, టొరినోకి పక్కనే పండుతుంది. మోంటెపుల్చానో దాబ్రుజ్జో అనే రెడ్ వైన్ కూడా చవకలో మంచిది, కానీ వీనో నోబిలే ది మోంటెపుల్చానో వేరే, టస్కనీది, రేటెక్కువ, కంగారులో అది తీసుకోకు.

గ్లాసులో మూడో వంతే పోసి తిప్పి వాసన చూడు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే బిరడా వల్ల పాడైంది, బిల్లు పట్టుకెళ్ళి మార్చుకో, సిగ్గుపడకు, డబ్బు నీది. తర్వాత కొంచెం నోట్లో పట్టి ఉంచు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉండేదే వగరు, అదీ పులుపూ పండు రుచీ ఒకదాన్నొకటి మింగెయ్యకుండా ఉంటే మంచి వైనే. మింగాక గొంతులో మంట తప్ప ఏమీ మిగలకపోతే, లేదా తీపితో లోపం కప్పేసినట్టుంటే ఆ సీసా మళ్ళీ కొనకు. వేసవిలో ముందు ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు, 16-18 డిగ్రీలు సరిపోతుంది.

మన కారం కూరలతో వగరెక్కువ వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది, దానికీ బార్బేరాయే నయం, వగరు తక్కువ, పులుపు ఎక్కువ. హోటల్‌కి వెళ్తే సీసా ఆర్డర్ చెయ్యకు, వీనో డెల్లా కాసా, అంటే ఆ హోటల్ వాళ్ళ మామూలు వైన్, పావు లీటరు అడుగు.