ఇంగ్లండ్ పల్లె చర్చిల్లో సైనికుల స్మారకాలు ఎందుకంత ఎక్కువ? చూడ్డానికి వెళ్తే ఏం గమనించాలి?

ముఖ్య కారణం: మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల శవాలు ఇంటికి రాలేదు. 1915లోనే బ్రిటన్ వాటిని స్వదేశానికి తేవడం ఆపేసింది. సమాధి ఎక్కడో ఫ్రాన్స్‌లో ఉంటే, ఇంట్లోవాళ్లకు తలుచుకోవడానికి ఊరి చర్చి గోడే దిక్కయింది.

సర్రేలో డోర్కింగ్ దగ్గర రాన్మోర్ కొండ మీదున్న సెయింట్ బార్నబాస్ చర్చి చూడండి. 1859లో జార్జ్ క్యూబిట్ కట్టించాడు, నమూనా జార్జ్ గిల్బర్ట్ స్కాట్‌ది. బయటి గోడలంతా గుండ్రటి చెకుముకి గులకరాళ్లే. ఎనిమిది పలకల గోపురం చాలా దూరానికి కనబడుతుంది. లోపల ఒక పక్కన చిన్న ప్రార్థన గది ఉంది. అది చర్చి కట్టించిన జార్జ్ క్యూబిట్ మనవల్లో ఆ యుద్ధంలో చనిపోయిన ముగ్గురి జ్ఞాపకార్థం. 1916లో ఒకడు, 1917లో ఒకడు, 1918లో ఇంకొకడు. ఏడాదికొకడు! బతికిన తమ్ముళ్లలో ఒకరైన రోలండ్ ఇప్పటి రాణి కమిల్లాకు తాతగారు.

ఫలకాలపై కొన్నిచోట్ల 1914-1919 అని ఉంటుంది. తప్పు కాదు. కాల్పులు 1918లో ఆగినా, వెర్సాయ్ సంధి 1919లో కుదిరింది. ఒకే ఇంటిపేరు వరసగా కనిపిస్తే కాసేపు ఆగండి, అన్నదమ్ములో దాయాదులో అయ్యుంటారు.

ఏ మతంవాళ్లైనా వెళ్లొచ్చు, చెప్పులు విప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున ప్రార్థన వేళ మాత్రం ఫొటోలకు దిగకండి. ఇత్తడి ఫలకాల్ని చేత్తో రుద్దొద్దు, మరకలు పడతాయి.