వాననీళ్ళు పట్టడానికి ఎమ్మెస్సీ ఎందుకు?

ప్రశ్న: మాది మండపేట. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. ఊళ్ళ గాలిలోంచి, వానలోంచి నేల మీదికి దిగే కాలుష్య రసాయనాలను కొలిచే పని నేర్చుకుంటానంటోంది. మేం బీఈడీ చెయ్యమంటున్నాం. గరాటు పెట్టి వాననీళ్ళు పట్టేదానికి పెద్ద చదువెందుకండీ? ఉద్యోగం వస్తుందా?

జవాబు: మిల్లుల ఊరు మీది. డాబా మీద ఆరేసిన తెల్ల పంచె మీద మసి నలుసులు పడటం మీకు కొత్త కాదు. ఊక, గడ్డి, డీజిల్, చెత్త ఏదైనా సరిగ్గా కాలకపోతే పీఏహెచ్‌లనే రసాయనాలు పుడతాయి. అవి ఆ మసిని పట్టుకుని కొంత, వానతో కొంత కిందికి దిగుతాయి. వాటిలో బెంజో ఏ పైరీన్ క్యాన్సర్ తెచ్చేది. 2009లో మన దేశం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో అది ఏడాది సగటున 1 నానోగ్రాము దాటకూడదు. గ్రాములో వంద కోట్లో వంతు అన్నమాట!

అంత చిన్నదాన్ని పట్టాలి కాబట్టే గరాటుకి అంత చాకిరీ. గాజుదో స్టీలుదో వాడి, ముందుగా సాల్వెంట్‌తో, అంటే ఈ రసాయనాల్ని కరిగించే ద్రవంతో కడుగుతారు. వాన వెలిశాక నీళ్ళు వంచుకుని వచ్చేస్తే లెక్క తప్పుతుంది. ఈ రసాయనాలకి నీళ్ళు పడవు, గరాటు గోడకే అంటుకుంటాయి. అందుకే గోడని మళ్ళీ సాల్వెంట్‌తో కడిగి, ఆ కడుగునీ సీసాలో కలుపుతారు. సీసా ముదురు రంగుది, ఎండ తగిలితే ఇవి విరిగిపోతాయి గనక. ఆ తర్వాత జీసీ-ఎంఎస్ అనే, రసాయనాల్ని వేరుచేసి గుర్తుపట్టి కొలిచే యంత్రం మీద విడదీసి, గరాటు మూతి వైశాల్యం, పెట్టిన రోజులు లెక్కగట్టి, చదరపు మీటరుకి రోజుకి ఎంత దిగిందో చెబుతారు.

ఇంకొకటుంది, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి విడతలో ఒక ఖాళీ సీసా కూడా డాబా ఎక్కి దిగుతుంది. అందులో ఏదైనా కనపడితే అది మన చేతుల్లోంచి, మన ల్యాబ్‌లోంచి వచ్చిందే. ఆ మేరకు తీసేసి చూసుకోవాలి. ఈ ఖాళీ సీసా పనికి విసుక్కోని పిల్లకి ఈ దారి బాగా నప్పుతుంది.

ఉద్యోగాల మాట నిజం చెప్పాలి. అచ్చంగా ఈ పనికే పోస్టులు తక్కువ. పరిశోధన వైపు వెళ్తే హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళ కేంద్రం ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి నెట్ అనే జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. కానీ జీసీ-ఎంఎస్ మీద చెయ్యి తిరిగితే మందుల కంపెనీలు, పురుగుమందుల అవశేషాలు చూసే ల్యాబ్‌లు, మన భీమవరం, కాకినాడ వైపు రొయ్యల పరీక్షలు చేసే ల్యాబ్‌లు కూడా అందుబాటులోకి వస్తాయి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చెయ్యొచ్చు, దానికి టెన్షన్ పడకండి.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయించండి. ఎమ్మెస్సీకి ఎనలిటికల్ కెమిస్ట్రీ, అంటే దేనిలో ఏ రసాయనం ఎంతుందో తేల్చే చదువు ఉన్న చోటు చూడండి. చేర్పించే ముందు అమ్మాయిని తీసుకుని వెళ్ళి, ఆ యంత్రం మీద పిల్లలు తామే శాంపిల్ ఎక్కిస్తారా, దూరంనుంచి చూసి రికార్డు రాసుకుంటారా అని సీనియర్లనే అడగండి. తామే ఎక్కిస్తాం అంటే చేర్పించండి, హాస్టల్ దూరమైనా సరే.